బాక్సుల వెనక గొంతు

కరెంటు పోతే మా ఇంట్లో నన్ను వెతకడానికి ఎవరూ టార్చి వేయరు. నవ్వమంటారు.

ఈ జోకు నాదే. ఏడో తరగతిలో బడి మానేసినప్పుడు నా చేతిలో ఏ సర్టిఫికెట్టూ లేదు గానీ ఇదొకటి ఉంది. పెళ్ళిళ్ళకీ పండగలకీ మైకు సెట్టు కట్టడం నా పని. సెట్టు కట్టాక అందరూ "హలో, మైక్ టెస్టింగ్" అంటారు, నేను ఈ జోకు చెప్తాను. శృంగవరపుకోటలో నా షాపు బోర్డు మీద పేరుండేది కాదు. నల్లరంగు మీద రెండు వరసల తెల్లటి పళ్ళు, కింద ఫోన్ నంబరు. అటు నెల్లిమర్ల దాకా ఆ పళ్ళని చూసే పిలిచేవారు. ఒక పెళ్ళిలో గొంతు బాగోలేక జోకు మానేస్తే, పెళ్ళికొడుకు తండ్రి వచ్చి అదెందుకు చెప్పలేదని నిలదీశాడు. నా జోకుకి నేనే జీతగాణ్ణి అయిపోయానని ఆ రోజు తెలిసింది. తెలిసి చేసేదేముంది, మర్నాటి పెళ్ళిలో మళ్ళీ చెప్పాను.

మైకు సెట్టుతో పాటు మాకో చిన్న ఆర్కెస్ట్రా కూడా ఉండేది, అందులో మా అక్క కూతురు పాడేది. రంగులో మేనమామ పోలికే. గొంతు ఎవరి పోలికో మా వంశంలో ఎవరూ చెప్పలేరు. దాని చోటు మాత్రం స్టేజీ మీద కాదు. ముందు తెల్లటి పిల్ల ఒకతి నిలబడి పెదాలు కదిపేది. ఆ పిల్ల చేతిలో మైకుకి వైరుంటుంది గానీ ఆ వైరు రెండో కొస దేనికీ తగలదు. మా మేనకోడలు స్పీకరు బాక్సుల వెనక, బేనరు గుడ్డకీ జనరేటరుకీ మధ్య, ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని పాడేది. అటు తిరిగితే మోకాలు బాక్సుకి కొట్టుకుంటుంది, ఇటు తిరిగితే మొహాన డీజిల్ పొగ. ఫ్యాను పెట్టడానికి జాగా లేదు. చప్పట్లు వినబడేవి, అవి ముందున్న పిల్లవి. పండగ కమిటీల వాళ్ళు అలాగే కావాలనేవారు, మేం అలాగే కట్టేవాళ్ళం.

రాష్ట్రం రెండైన మరుసటేడు విజయనగరం పక్కన ఒక ఇంజనీరింగు కాలేజీ వార్షికోత్సవానికి సెట్టు కట్టాను. ఆఫ్రికా నుంచి వచ్చి చదువుకుంటున్న కుర్రాడొకడు పాడటానికి స్టేజీ ఎక్కాడు. పాట అందుకోకముందే వెనక వరసల్లోంచి కూతలు. రంగు మీద కూతలు, నాకు బాగా అలవాటైనవే. అతను సగంలో దిగొచ్చి నా మిక్సరు పక్కన కూలబడ్డాడు. దిగులు పడకు తమ్ముడూ, నీ పక్కన కూర్చుంటే నేను పెళ్ళికొడుకులా ఉన్నానన్నాను. తెలుగు అప్పటికే పట్టుబడినట్టుంది, అర్థమైంది. నవ్వలేదు. జేబులోంచి పెన్‌డ్రైవు తీసి, "ఇవి కూడా వినండి అన్నా. మీ బాక్సులు మంచివి" అన్నాడు.

అవి అతని దేశపు పాటలు కావు, అమెరికాలోని నల్లవాళ్ళవి. బానిసలుగా పొలాల్లో పని చేస్తూ పాడుకున్నవి కొన్ని. చర్చిలో పుట్టి వీధిలోకి వచ్చినవి కొన్ని. బస్సులో సీటు కోసం, ఓటు కోసం ఊరేగింపులుగా నడుస్తూ పాడినవి కొన్ని. తమ కుర్రాళ్ళని పోలీసులు కాల్చి చంపుతుంటే ఈమధ్యనే కట్టినవి కొన్ని. ఏది ఎప్పటిదో అతనే వివరంగా చెప్పాడు. ఆఫ్రికాలో ఉన్న అతని ఇంట్లో కూడా, ఎవరికైనా అన్యాయం జరిగితే, ఇవే పెట్టుకుంటారట.

షాపులో పెట్టి విన్నాను. నాకు ఇంగ్లీషు రాదు. కానీ మైకు పనివాడికి అడుక్కునే గొంతుకీ అడిగే గొంతుకీ తేడా తెలుస్తుంది. ఇవి అడిగే గొంతులు. ఇంకొకటి మాత్రం నాకు మింగుడు పడలేదు. ముందు ఒకరు ఒక లైను అంటారు, వెనకవాళ్ళంతా బదులు పలుకుతారు. మా పనిలో కోరస్ పాడేవాళ్ళ వాల్యూం మీట ఎప్పుడూ కిందికే ఉంటుంది. ఇక్కడ వెనకవాళ్ళు ముందువాడితో సమానంగా వినబడుతున్నారు, కొన్నిచోట్ల అతన్ని మించిపోతున్నారు. రికార్డింగు తప్పేమో అనుకుని పాట తర్వాత పాట మార్చాను. అన్నిట్లోనూ అంతే.

ప్రాక్టీసుకని వచ్చిన మా మేనకోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. ఒక పెద్దావిడ నిదానంగా పాడిన పాటని మళ్ళీ మళ్ళీ పెట్టించుకుంది. అర్థం అడగలేదు.

"ఈవిడెక్కడ నిలబడి పాడతన్నాది మావా?" అంది.

నాకేం తెలుసు, స్టేజీ ముందే అయ్యుంటుందన్నాను.

ఆ వేసవిలో అమ్మవారి పండగకి మా ప్రోగ్రాం పడింది. సాయంత్రం నేను వైర్లు లాగుతుంటే మా మేనకోడలు వచ్చి, ఈసారి ముందు నిలబడి పాడతానంది. కాదంటే ఇంక పాడనంది, ఆ రోజుకే కాదు, ఎప్పటికీ. జూట్ మిల్లులో చేరిపోతానంది. ఆ మరమగ్గాల రొదలో మనిషి పక్కనే అరిచినా వినబడదు. ఈ గొంతు అక్కడికి పోతే ఇంక పోయినట్టే.

పండగ కమిటీకి పెద్ద ఒక కిరాణా హోల్‌సేల్ షావుకారు. నా షాపు ఆయన బిల్డింగులోదే. వెళ్ళి బతిమాలాను. ఆయన కోప్పడలేదు, పైగా టీ తెప్పించాడు.

"దాన్ని ముందెడితే లైట్లు దండగ కదరా. అందర్లో పిల్లని నవ్వమనాలేటి? నీ జోకే కదా," అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అలవాటుకొద్దీ నేనూ నవ్వాను.

వచ్చి మా మేనకోడలికి చెప్పాను. వెళ్ళి స్టూలు మీద కూర్చుంది. ఎవరి కాళ్ళకీ తగలకుండా దాని మైకు వైరుని ఎప్పట్లాగే నల్ల టేపుతో బాక్సుకి అంటించాను. కీబోర్డు మొదలైంది. ముందున్న పిల్ల పెదాలు కదిపింది. గొంతు రాలేదు. జనం మైకు పోయిందనుకుని, సెట్టు చూసుకోమని నా మీద కేకలు. షావుకారు కుర్చీలోంచి లేచాడు.

అప్పుడు బాక్సుల వెనకనుంచి ఆ పెద్దావిడ రాగం వచ్చింది. మాటలు లేవు, ఉత్త రాగమే. కీబోర్డు ఆగిపోయింది. పాడుతూనే లేచి వచ్చింది మా పిల్ల. బాక్సు అంచు దాకా వచ్చేసరికి వైరు అయిపోయింది. సగం మొహం లైటులో, సగం చీకట్లో నిలబడిపోయింది. లాగింది, రాలేదు. పాడటం ఆపలేదు, లాగడమూ ఆపలేదు.

నా చోటునుంచి షావుకారు కనబడుతున్నాడు, టేపూ కనబడుతోంది. వెళ్ళి ఆ టేపుని పళ్ళతో కొరికి తెంపాను.

అది నడిచి మధ్యకి వచ్చింది. తెల్లటి పిల్ల తన ఉత్తుత్తి మైకు కింద పెట్టి, పక్కకి జరిగి చెమట తుడుచుకుంది. పాపం, అదీ ఎన్నాళ్ళని ఊరికే నోరాడిస్తుంది. చప్పట్లేమీ మోగలేదు. అమ్మవారి పాటేదో అనుకుని ముందు వరసలో ముసలమ్మలు దండం పెట్టుకున్నారు. తర్వాత పాడాల్సిన సినిమా పాటలన్నీ అది అక్కడే నిలబడి పాడింది.

షావుకారు షాపు ఖాళీ చేయమంటాడని నాకు అప్పటికే తెలుసు. అలాగే అన్నాడు కూడా. కానీ ఆ వేళ వైర్లు చుడుతూ, భయం పైకి కనబడకుండా ఏదో ఒకటి అనాలి కదా.

"ఒసే, నీ దెబ్బకి నా జోకు పోయినాదే. ఇంక మైకట్టుకుని నానేటి సెప్పాలి?" అన్నాను.

అది వైరు చుట్టడం ఆపలేదు.

"నీకేటి మావా, నువ్వు కరెంటు పోతేనే కనబడవు. నాను కరెంటున్నప్పుడే కనబడనేదు."