వాకిలి లైటు, చిక్కుడు పూత

నిరుడు వానాకాలంలో పెట్టిన చిక్కుడు తీగ మా కంపెనీ క్వార్టర్ ముందు పందిరంతా కమ్మేసింది గానీ, బతుకమ్మ పండుగ వెళ్లినా ఒక్క పూవు లేదు. మామూలు తీగైతే పీకేసి ఊరుకునేదాన్ని. అది మా అవ్వ నాటి విత్తనం. మా పుట్టినూరు కమాన్‌పూర్‌లో అమ్మ దాచిన గింజలన్నీ పురుగు పట్టి పిండైపోయాయి. అంతకుముందే నేను తెచ్చి పెట్టుకున్న వాటిలో బతికింది ఈ తీగ ఒక్కటే. ఇది కాయకపోతే ఆ రకం మాకిక లేనట్టే.

అమ్మ రోజూ ఫోన్ చేసేది.

"పూసిందా బిడ్డా?"

"లేదమ్మా. ఆకులైతే చాటలంత ఉన్నయ్."

"పొద్దు చిన్నగైతేనే దానికి పూత. గానీ ఎండలు రాకముందే కాయ పట్టాలె. ఎండలొస్తే పూసింది గూడ రాలిపోతది."

చలి వచ్చింది. పక్క క్వార్టర్ అక్క దిష్టి తగిలిందని పందిరికి పాత చెప్పు కట్టింది. నేను బొగ్గు దుమ్మును తిట్టుకుంటూ ఆకులు కడిగాను. పూత మాత్రం లేదు.

ఒక పొద్దున బట్టలారేయడానికి వెనక్కి వెళ్తే, ఇంటి మీదుగా వెనక గోడ అవతలికి పాకిన కొమ్మకు ఊదారంగు పూలగుత్తి! ఒకే వేరు, ఒకే నీళ్లు. మరి ముందువైపు ఏం రోగం? వచ్చి చూస్తే పందిరి మీద వాకిలి బల్బు పట్టపగలే వెలుగుతోంది. మా ఆయన సెకండ్ షిఫ్టు దిగి చీకట్లో వస్తాడని సాయంత్రమే వేస్తాను, ఆర్పడం ఇద్దరికీ గుర్తుండదు. పొద్దు చిన్నదైందని ఊరందరికీ తెలుసు, పాపం తీగకే తెలియనివ్వలేదు.

ఆ గుత్తిని మధ్యాహ్నమే కోతులు తెంపుకుపోయాయి. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆ రోజు నుంచి బల్బు వేయలేదు.

మా ఆయన మెట్టుకు కాలు కొట్టుకుని సణిగాడు. "బొగ్గు బాయిల చీకట్లనే ఉండి వస్తి. ఇంటికాడ గూడ చీకటేనా?" తర్వాత తనే సెల్లు లైటు వేసుకుని రావడం మొదలుపెట్టాడు.

కొన్ని వారాలకు పందిరంతా పూసింది. మబ్బు పట్టినప్పుడు కొంత రాలింది, మిగిలింది కాయ పట్టింది. ఒక్క కాయ కూడా కూరకు కోయనివ్వలేదు. ఎండలు ముదరకముందే కాయలన్నీ ఎండి గలగలమన్నాయి. హమ్మయ్య అనుకుని మెట్ల మీదే కూర్చుండిపోయాను.

అమ్మ వచ్చింది. ఒక కాయ ఒలిచి, గింజను పంటితో నొక్కి చూసింది. నన్ను అడగనైనా అడగకుండా సగం గింజలు కొంగున ముడేసుకుంది.