నలభై ఒకటో బిళ్ళ: సండూరు గనిలో ఒక రోజు

మా అమ్మాయి భారతి సండూరు కొండల్లో ఒక ఇనుప గనిలో నర్సుగా చేరి అప్పటికి ఏడాది దాటింది. గనులు మంచి జోరు మీదున్న కాలం. రోజూ మధ్యాహ్నం మందు పెట్టి కొండను పేలుస్తారని విన్నప్పటి నుంచి నాకూ, మా ఇంటిదానికీ ముద్ద దిగేది కాదు. "ఊరికే భయపడేదానికన్నా ఒకసారి వచ్చి చూడు నాయనా. భద్రతా వారంలో ఇండ్లవాళ్ళను పిలుస్తారు" అని భారతి ఫోన్ చేసింది. ఇంటిదానికి మోకాళ్ళ నొప్పులు, నేనొక్కణ్ణే బయలుదేరాను. ఏడో తరగతితో బడి మానేసిన రైతును, రాతలో తప్పులుంటే మన్నించండి. చూసింది చెప్పకుండా మాత్రం ఉండలేను.

మా ఊరు మోకలో పొద్దున ఆరు గంటల బస్సు ఎక్కితే ఏడు లోపే బళ్ళారి. అక్కడ ఇడ్లీ తిని సండూరు బస్సెక్కాను. తోరణగల్లు దాటాక బస్సు నడవడం మానేసి పాకడం మొదలుపెట్టింది. ముందు లారీ, వెనక లారీ, అన్నీ ఎర్రమట్టి పూసుకున్నవే. గంటన్నర దారికి మూడు గంటలు పట్టింది. సండూరు నుంచి గనికి జీపు, మనిషికి ఇరవై రూపాయలు.

"ఏం పెద్దప్పా, తెల్ల పంచె కట్టుకోని వస్తాండావు, యాడన్నా పెండ్లా?" అన్నాడు డ్రైవరు.

"మా పాప పనిచేసే గని చూసేకి పోతాండానప్పా."

"అట్లయితే సాయంత్రానికి కాషాయం కట్టిన సామివైతావులే!" అని నవ్వాడు. జీపు దిగేసరికే సగం సామినైపోయాను.

గేటు దగ్గర కాపలా అతను పేరు రాసుకుని, తలకు టోపీ పెట్టి, అంకె కొట్టిన ఇత్తడి బిళ్ళ ఒకటి చేతిలో పెట్టాడు. నా కుడి చెవి పదేళ్ళుగా వినపడదు. ఆయన ఆ పక్కనే నిలబడ్డాడు, పైగా లారీ హారన్లు. "జోపానం అజ్జా, పోగొట్టుకోవద్దు" అన్నంత వరకే అందింది. అది చాలు నాకు. మా రైసుమిల్లులో వడ్లు దించగానే ఇలాంటి బిళ్ళే ఇస్తారు, బియ్యం చేతికొచ్చేదాకా దాన్ని కన్నతల్లి అడిగినా ఇవ్వం. తువ్వాలు కొంగున గట్టిగా ముడివేసి నడుముకు చుట్టుకున్నాను.

పదకొండు గంటలకు, ప్రమాదం జరిగితే మనిషిని ఎట్లా కాపాడాలో విన్యాసం చూపించారు. టిప్పరు బోల్తా పడినట్టు, డ్రైవరు కింద ఇరుక్కున్నట్టు. డ్రైవరు వేషం క్యాంటీను వంటాయనది, నుదుటి మీద ఎర్రసిరా. నలుగురు పరుగున వచ్చి స్ట్రెచర్ మీద ఎత్తుతుంటే, "మెల్లగా ఎత్తండప్పో, సాంబారు పొయ్యి మీదుండాది!" అని అరిచాడు. "సుమ్మనిరప్పా, మాట్లాడొద్దు, నీకు తెలివి తప్పిండాది!" అని గదిమింది మా భారతి. అందరూ గొల్లున నవ్వారు. కానీ ఆమె చేతులు చూశాను. కట్టు కట్టడంలో, మెడ కదలకుండా పట్టుకోవడంలో ఒక్క తడబాటు లేదు. నా బిడ్డేనా అనిపించింది.

మధ్యాహ్నం ఆ సాంబారుతోనే భోజనం. ఒకటిన్నరకు సైరన్ మోగింది. అది విన్యాసం కాదు, రోజూ జరిగే అసలు పేలుడు. గనిలోని కూలీలు, డ్రైవర్లు, చూడవచ్చిన మేమూ దూరంగా ఉన్న గట్టి షెడ్డులోకి వెళ్ళాం. షెడ్డు ముందు మేకుల బోర్డు ఉంది. లోపలికొచ్చే ప్రతి మనిషీ తన బిళ్ళ దానికి తగిలించాలి. మేకు ఖాళీగా ఉందంటే ఒక మనిషి ఇంకా గనిలోనే ఉన్నాడని లెక్క. అన్నీ నిండాకే భారతి పచ్చజెండా ఎత్తుతుంది, జెండా లేస్తేనే మందు పేలుతుంది. ఇదంతా తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం అది కూలీల వ్యవహారమనుకుని, వెనక మూలన చల్లగా కూర్చున్నాను.

రెండయింది. జెండా లేవలేదు. "ఒక బిళ్ళ తక్కువుండాది, లోపల ఎవరైనా ఇయ్యనోళ్ళు ఉండారా?" అని ఎవరో కేకేశారు. ఎవడో పాపం తెలివితక్కువవాడు లోపలే ఉండిపోయాడని జాలిపడ్డాను.

"ఏంది సిస్టరమ్మా, లారీలన్నీ లైన్లో నిలబడిండావి. బిళ్ళ యాడన్నా పడిపోయింటాదిలే" అని మేస్త్రీ విసుక్కున్నాడు.

"పడిపోయింటే దొరకనీ అన్నా. మేకు నిండేదాకా నేను జెండా ఎత్తను."

తర్వాత వాకీటాకీ చెవి దగ్గర పెట్టుకుని గేటువాళ్ళను ఏదో అడిగింది. విన్నది. జెండా కర్ర పట్టుకున్న చెయ్యి బిగుసుకుంది. తమ బిళ్ళలు తీసుకుని వెతకబోయే నలుగురి వైపు తిరిగి గట్టిగా చెప్పింది.

"నలభై ఒకటి. ముసలాయన. తెల్ల పంచె, ఇప్పుటికి ఎర్రగైంటాది. పచ్చ తువ్వాలు. కుడిచెవి వినపడదు, ఎడం పక్క నుంచి పిలవండి. గద్దించొద్దు, బెదురుకుంటాడు."

అచ్చం నాలాంటివాడే పాపం, అనుకున్నాను. అనుకుని నా తువ్వాలు చూసుకున్నాను. పచ్చది! ముడి విప్పి, కళ్ళజోడు లేక అంకె ఆనక, పక్కాయనకు బిళ్ళ చూపించి "ఇదెంతప్పా?" అన్నాను. "నలభై ఒకటి కదా అజ్జా!" అని ఆయన లేచి నిలబడ్డాడు.

జనాన్ని తోసుకుంటూ పోయి, బిళ్ళ పట్టుకున్న చెయ్యి చాపాను. భారతి నన్ను చూసింది, బిళ్ళను చూసింది. మేకుకు తగిలించి, వెళ్ళినవాళ్ళను వెనక్కి పిలిచి, వాళ్ళ బిళ్ళలూ మళ్ళీ తగిలించాక జెండా ఎత్తింది. కాళ్ళ కింద కొండ కదిలింది.

సాయంత్రం టీ దగ్గర అడిగాను. "నేనేనని తెలిసినాక గూడా వెతికేకి పరిగెత్తలేదేమ్మా?"

"నేను పోతే బోర్డు కాడ ఎవురుంటారు నాయనా? ఎవరన్నా జెండా ఎత్తేసింటే?" అంది. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను, కానీ నాది సంతోషం.

ఏడాదంతా ఆ కొండ నా బిడ్డను ఏం చేస్తుందోనని భయపడ్డాను. అక్కడ వందల మంది సాయంత్రం క్షేమంగా ఇండ్లకు చేరుతున్నది ఆమె లాంటి వాళ్ళు కదలకుండా నిలబడటం వల్లేనని చూసి వచ్చాను. ఆ రోజు నా బిడ్డ పోగొట్టుకోకుండా కాపాడింది నన్నే. ఇప్పుడు రాత్రి కంటినిండా నిద్ర పడుతోంది, ఇంటిదానికి కూడా.

మీరూ గని చూడబోతే ఒక్క మాట. గేటులో బిళ్ళ ఇవ్వగానే అంకె చదివించుకోండి, సైరన్ వినగానే మీ చేత్తో మీరే మేకుకు తగిలించండి. అది దాచుకునేది కాదు.