సరిహద్దు ఠాణాలో అద్దకం

అద్దకం పనిలో ఆమెకు సాటి లేరు. మంజిష్ఠ వేరు ఉడికించి ఆమె పట్టించిన ఎరుపు ఏళ్ళ తరబడి ఉతికినా దిగేది కాదు. ఆ మంచి పేరే ఆమె కొంప ముంచింది. ఒక వర్తకుడు నలభై తానుల గుడ్డ తెచ్చి అద్దించుకుపోయాడు. నెల తిరక్కుండా అవి తిరుగుబాటుదారుల జెండాలై లేచాయి. నాకేం తెలియదు మొర్రో అని మొత్తుకున్నా న్యాయాధికారి వినలేదు. సరిహద్దు ఠాణాకు తరిమెయ్యమన్నాడు. మళ్ళీ రంగుతొట్టి ముట్టుకుంటే రెండు చేతులూ తీసెయ్యమని రాశాడు.

భర్త పోయి అప్పటికే నాలుగేళ్ళు. వెంట బయల్దేరింది అత్తగారొక్కతే.

"మీకెందుకత్తయ్యా ఈ అవస్థ?"

"నువ్వు లేకపోతే నేనెవరితో పోట్లాడనే?" అంటూ ముసలావిడ మూట నెత్తికెత్తుకుంది.

ఠాణా గోడవారన ఒక రాతిగది ఇచ్చారు. సిపాయిల బట్టలు ఉతకడం పని. ఎవరైనా గట్టిగా పిలిస్తే చాలు, ఆమె చేతులు చంకల్లో దాచుకునేది.

ఒక ఉదయం ఠాణాదారు కబురు పెట్టాడు.

"నీకు అద్దకం వచ్చటగా?"

"లేదండీ... ఉతుకుడేనండీ."

"మా వంటవాడితో మీ అత్తే చెప్పింది."

ఆమె చేతులు కొంగు కింద దాచుకుంది.

"మా ఎర్రకోట్లన్నీ వెలిసి మట్టిరంగుకు తిరిగాయి. మనవాడెవడో తెలియక మొన్న మావాణ్ణి మేమే కాల్చుకున్నాం. ఆ మంజిష్ఠ వేరు వాగు పక్కన బోలెడుంది. అద్దు."

"నా చేతులు తీసేస్తారండీ. ఒక కాగితం రాసివ్వండి."

"రాస్తే నా తల పోతుంది. ఎవరూ అడగరులే, పో."

గదికి వచ్చి అత్తగారి మీద విరుచుకుపడింది. "ఎందుకు చెప్పారు? నన్ను చంపడానికా?"

"చన్నీళ్ళలో నానినాని చస్తున్నావు. చూడలేక నోరు జారాను." ముసలావిడ తలెత్తలేదు.

కోట్లు పటిక నీళ్ళలో నానాయి. తొట్టి కింద మంట పెరిగితే ఎరుపు గోధుమరంగుకు తిరుగుతుంది. ఒక పుల్ల వెయ్యబోతే మూడు పడ్డాయి. గభాల్న రెండు లాగేసింది.

మూడోవారం, చెప్పాపెట్టకుండా రాజధాని నుంచి తనిఖీ అధికారి దిగాడు. ఆమె చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. ఇసుకతో తోలు లేచేలా తోముకుంది. రంగు పోలేదు.

"ఈ కోట్లు అద్దిందెవరు?"

ఠాణాదారు మొహం తిప్పుకున్నాడు. అంతలో అత్తగారు గబగబా తొట్టి దగ్గరకు పోయి రెండు చేతులూ ముంచి వచ్చి నిలబడింది.

"నేనే బాబూ."

మోచేతుల నుంచి చుక్కలు కారుతున్నాయి. అధికారి ఆ చుక్కల్ని చూశాడు. చేతులు వెనక్కి పెట్టుకున్న కోడల్నీ చూశాడు.

"ఇంకా తడే ఆరలేదే!"

"ఈ వయసులో ఏదీ తొందరగా ఆరదు బాబూ."

ఒక సిపాయి కిసుక్కుమన్నాడు. అధికారి నవ్వలేదు. భుజం మీది దుప్పటి తీసి కోడలికే అందించాడు.

"ఇదీ వెలిసింది. పొద్దుగూకేలోగా అవుతుందా?"

ఆమె తల ఊపింది.

సాయంత్రం ఎర్రబడ్డ దుప్పటి తీసుకుని అతను వెళ్ళిపోయాడు. రాజధానికి పోయి ఏం రాశాడో ఎవరికీ తెలియదు. ఇవాళ వస్తారు, రేపు వస్తారని ఆమె ఏడాదిపాటు తిండి సరిగా తినలేదు. ఎవరూ రాలేదు. మెల్లగా బండివాళ్ళు, కొండవతలి గొర్రెలకాపరులు గుడ్డలు తేవడం మొదలెట్టారు. శిక్ష తీరిందన్న కబురు అందేనాటికి ఆమెకు నాలుగు తొట్లు ఉన్నాయి. "ఇవన్నీ వదిలేసి ఎక్కడికి పోతాం?" అనుకుని ఇద్దరూ అక్కడే ఉండిపోయారు.

అయినా కొత్తమనిషెవరైనా గుమ్మంలో నిలబడితే, పలకబోయే ముందు ఆమె చూపు అత్తగారి మీదికే పోయేది.