పల్లం మడిలో కొత్త రాయి

ముందే చెప్పేస్తున్నాను, నా మాటల్ని సగానికి కోసి, మిగిలిన సగాన్ని కూడా అనుమానంగానే చూడండి. మా ఇంట్లో దోమ నా నోట పడితే కాకవుతుంది.

భూముల రీసర్వేకని మా ఊరి మీదికొచ్చిన డ్రోను మాత్రం గరుత్మంతుడంత ఉంది. దాని గాలికి పెదనాన్న తలపాగా లేచి చీపురుపల్లి స్టేషన్లో దిగింది.

పెదనాన్న మా నాన్నకి అన్న. కాగితాల్లో పల్లం మడి నాన్నది, మెట్ట చేను పెదనాన్నది. నాన్న బడిపంతులు, వరి నాటితే గడ్డి మొలిచే చెయ్యి. అందుకని నేను పుట్టకముందే అన్నదమ్ములిద్దరూ గట్టు మీద నిలబడి, నోటిమాటతో భూములు మార్చేసుకున్నారు. సాక్షి ఒక కోడిపుంజు. అదీ ఆ సాయంత్రమే కూరైపోయింది. అప్పట్నుంచీ పల్లం ఆయన దున్నాడు, మెట్టలో మేం జీడిమామిడి వేసుకున్నాం. నాన్న పోయాక కూడా ఎవరికీ కాగితం గుర్తురాలేదు.

సర్వేయరుకి గుర్తొచ్చింది. మెట్ట పెదనాన్న పేర, పల్లం నా పేర రాశాడు. పల్లం ఆయనదేనని నేను మొత్తుకున్నాను. మాట చెల్లదట, మార్పిడి దస్తావేజు రిజిస్టరు చేయించుకోవాలట. సరేనని మడి దగ్గరికి వెళ్లి పెదనాన్నని బండెక్కమన్నాను.

"నానెక్కనురా. మీ నాన్న మాటిచ్చీసినాడు. ఇప్పుడు కాయితం రాయించితే, ఆడి మాట సాల్లేదని నానే సంతకం ఎట్టినట్టు."

రాయకపోతే మడి నాదైపోతుందన్నాను.

"అవనీ. నీకాడుంటే నాకాడున్నట్టు కాదేటి?" అని పకపకా నవ్వాడు. ఆ నవ్వుకి కొంగలన్నీ లేచి గరివిడి దాటిపోయాయి.

మడి మూలన సర్వేవాళ్లు ఏనుగంత హద్దురాయి పాతి వెళ్లారు.

వానలు పడ్డాయి. ఊరంతా వరినాట్ల ఉబాలు మొదలయ్యాయి. పల్లంలో మాత్రం నీళ్లు నిండి ఆకాశం కనపడుతోంది, నాటు వేసే మనిషి లేడు. ఒక పొద్దున్న పెదనాన్న మా గుమ్మం ముందు చెప్పులు విడిచి నిలబడ్డాడు. ఆ గట్టు మీద నన్ను భుజాన మోసిన మనిషి.

"నారు ముదిరిపోతంది బాబూ. ఉబాలెయ్యమంటావా, మానీమంటావా?"

ఏదో ఒక జోకు వేద్దామనుకున్నాను. కుర్చీ లాగాను, ఆయన కూర్చోలేదు. తలూపాను. చెప్పులేసుకుని మడికి వెళ్లాడు. ఏటా అలాగే అడగడానికి వస్తున్నాడు. దస్తావేజు మాటెత్తితే మాత్రం లేచిపోతాడు.

డ్రోను కాకంతే. తలపాగా పక్క మడిలోనే పడింది. రాయి నా మోకాలి దాకా కూడా రాదు. కోడిపుంజు నిజం. మిగతావన్నీ నేను సాగదీసినవే గానీ పుట్టించినవి కావు. పుట్టించింది ఒక్కటే, ఆ నవ్వు. పెదనాన్న నవ్వలేదు. ఆ మాట అనేసి, మడి వైపు తిరిగి, గట్టు మీద చతికిలబడిపోయాడు.