ట్రే పేరు చివరి గీతలు

హోసూరులో ఒక చిన్న విడిభాగాల కంపెనీకి నేను ప్రోగ్రాములు రాసేవాణ్ణి. అక్కడి పాత కంప్యూటర్‌లో ఇంగ్లీషులో పేర్లు రాస్తే మాటల మధ్య గీతలుండాలి. కొత్తదానికి మాటలన్నీ కలిపేసి, ప్రతి మాట మొదటి అక్షరం పెద్దది చేయాలి. అటు పేర్లను ఇటు మార్చడానికి ఒక లైబ్రరీ, అంటే ఫంక్షన్ల కట్ట, రాశాను. అన్నీ చిన్న చిన్న ఫంక్షన్లే. ఒకటి మాటలను విడదీస్తుంది, ఇంకొకటి కలుపుతుంది. ఇచ్చిన పేరును ఏదీ ముట్టుకోదు, కొత్త పేరు చేసి చేతిలో పెడుతుంది. మడి కట్టుకున్న ప్రోగ్రామని తెగ మురిసిపోయాను.

ఒక శనివారం, విడిభాగాలు పెట్టే ట్రేలకు పాత కంప్యూటర్‌లో ఉన్న పేర్లన్నీ దాని గుండా పంపి, వచ్చినవాటిని పాతవాటి మీదే రాసేశాను. కాపీ తీసుకోలేదు. లైబ్రరీ ముట్టుకోలేదు; ముట్టుకున్నది నేను.

తర్వాతి వారం ఒక లోడు వెనక్కి వచ్చింది. పగుళ్లున్న భాగాలు వెళ్లిపోయాయట. ఆ సరుకు తనిఖీ చేసింది కెలవరపల్లి వైపు నుంచి వ్యానులో వచ్చే ఒక అక్క, కాంట్రాక్టు మనిషి. చూసిన ట్రేలకు ఆమె గుర్తులు పెట్టలేదని సూపర్‌వైజరు అందరి ముందూ కోప్పడి, సోమవారం నుంచి రావద్దన్నాడు. ఆమె గొంతు పెంచలేదు.

"పెట్టినానప్పా. ఒక గీతంటే మళ్లా చూడాల, రెండు గీతలంటే పంపచ్చు. ఏండ్లుగా ఈడ ఇంతే," అంది.

అప్పుడు అర్థమైంది నాకు. పాత కంప్యూటర్‌లో తనిఖీకి వేరే గడి లేదు. అందుకని తనిఖీ చేసే ఆడవాళ్లు ట్రే పేరు చివర గీతలు పెట్టుకునేవారు. నా ఫంక్షన్‌కు గీత ఒకటైనా పదైనా మాటల మధ్య ఖాళీయే, అన్నిటినీ ఊడ్చిపారేసింది. ఏ ట్రే ఆపాలో తెలియక అన్నీ లోడెక్కేశాయి. రాసేముందు వాళ్లలో ఒక్కరినైనా అడిగిన పాపాన పోలేదు నేను. పైగా ఆ పూట నోరు విప్పలేదు. పిరికితనం, అంతే.

మర్నాడు పొద్దున్నే సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లి తప్పు నాదని చెప్పాను. తిట్లు నాకు మళ్లాయి, ఆమెతో అన్న మాట వెనక్కి తీసుకున్నాడు.

ఆమెకు ఆ సంగతి చెప్పాను. ఆమె అన్నం సంచిలోంచి ఒక నోటుబుక్కు తీసింది. ప్రతి ట్రే, ప్రతి గీత అందులో ఉన్నాయి. పక్కన కూర్చుని ఆమె చదువుతుంటే నేను మళ్లీ ఎక్కించుకుంటూ పోయాను.

"పాతది కొంచెమైనా పక్కన పెట్టుకోలేదా? మేము తోడుకని గరిటెడు పెరుగైనా ఉంచుతాం గదప్పా," అంది.

సిగ్గేసింది. ఈ బుక్కు నిన్ననే ఆయనకు చూపించి ఉండొచ్చు కదా అని అడిగాను.

"చూపిస్తే నీ పని పోతాదేమోనని చూపించలేదు. నీ మొగం చూస్తానే తెలిసిపోయింది నాకు. ఒక దినం ఆగినాను, నువ్వే చెప్తావేమోనని."

అని, వేలు కిందికి జరిపి తర్వాతి ట్రే పేరు చదివింది.