బస్సు కింది ఇనుప కడియం

నా చిన్నప్పుడు మా అమ్మ రోజూ గుడ్లవల్లేరులో బస్సెక్కి బందరులో బడిపాఠాలు చెప్పడానికి వెళ్లేది. ఆ ప్రైవేటు బస్సుకు మెకానిక్కు మా మావయ్యే, అమ్మకు స్వయానా తమ్ముడు. ఆడవాళ్ల సీట్లు డ్రైవరు వెనక ఉండేవి. సరిగ్గా వాటి కిందనుంచే ప్రొపెల్లర్ షాఫ్టు తిరుగుతూ ఉంటుంది. ఇంజను బలాన్ని వెనక చక్రాలకు చేర్చే పొడుగాటి ఇనుప గొట్టం అది.

ఒకసారి వేరే బస్సుకు ఆ షాఫ్టు ముందు కీలు విరిగింది. పట్టు తప్పిన గొట్టం తిరుగుతూనే అడుగు పలకలు చీల్చుకుని పైకి లేచి, ఒకావిడ కాలు నుజ్జు చేసింది. ఆ బస్సును షెడ్డులో చూసి వచ్చిన రోజు మావయ్య అన్నం ముందు కూర్చుని తినకుండా లేచాడు. మర్నాడే కమ్మరి కొలిమిలో మందపాటి ఇనుప పట్టీ వంచి పెద్ద కడియం చేయించాడు. దాన్ని బస్సు చట్రానికి బోల్టులతో బిగించి, షాఫ్టు అందులోంచి పోయేలా అమరిస్తే చాలు. కీలు విరిగినా గొట్టం ఆ కడియంలోనే ఆగిపోతుంది. పదేళ్లదాన్ని, నాకే అర్థమైంది.

బస్సు యజమానికి అర్థం కాలేదు. "విరుగుతుందని మనమే అనుకుని కడియం తొడిగితే, విరక్క ఏం చేస్తుందయ్యా? అపశకునం!" అన్నాడు. ప్రతి శుక్రవారం బంపరుకు నిమ్మకాయలు కట్టించే మనిషి, ఇనుము చూసి భయపడ్డాడు. వారంరోజులు వాదించి మావయ్య గొంతు పోయింది.

ఆ తర్వాతి శుక్రవారం ఆయన అదే కడియానికి పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, అరిటాకులో చుట్టి తీసుకెళ్లాడు. "బందరులో ఒక పెద్దాయన మంత్రించి ఇచ్చిన రక్షండీ. ఎవరి కంటా పడకుండా బస్సు కింద బిగించమన్నారు" అన్నాడు. యజమాని చెప్పులు విడిచి కడియాన్ని కళ్లకద్దుకున్నాడు. "ముందే చెప్పవేమయ్యా!"

"ప్రతి ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చుంటావు, నీకు పసుపెక్కడిదిరా?" అని అమ్మ ఆ సాయంత్రం నిలదీసింది.

"నీ పోపులపెట్టెలోదే అక్కా."

లోకంలో మా మావయ్యంత తెలివైనవాడు లేడని అప్పుడు నాకనిపించింది.

కొన్ని నెలలకు మా బస్సు షాఫ్టు కీలు కూడా విరిగింది. అమ్మ కాళ్ల కింద పెద్ద చప్పుడు, అంతే. కడియం పట్టుకుంది. బస్సు మెల్లగా ఆగింది. ఒక్కరికీ గీత పడలేదు. కబురు బందరు దాకా పాకింది, మంత్రం గొప్పదని! ఇనుము ఊసెత్తిన నాథుడు లేడు.

పక్క బస్సులవాళ్లు రక్ష కోసం మావయ్య దగ్గరికి వచ్చేవారు. పట్టీ మందం ఎంతుండాలో, బోల్టులు ఎక్కడ పడాలో ఆయన ఓపిగ్గా చెప్పేవాడు. అందరూ తలూపి వెళ్లేవారు. ఒకరోజు గుడివాడ షెడ్డులో ఒక బస్సు కింద దూరి, చిన్న వస్తువేదో తెంపుకుని బయటికి వచ్చాడు. డబ్బా రేకు కత్తిరించి చేసిన కడియం. నా చేతి గాజంత ఉంది. పసుపు మాత్రం దండిగా పూశారు.

"ఇది షాఫ్టును ఆపుతుందా?" అని డ్రైవరును అడిగాడు. ఆ వెంటనే తనే చెప్పేశాడు: "నేను అబద్ధం చెప్పాను. మంత్రించిన పెద్దాయన ఎవరూ లేడు. అది మా అక్క పోపులపెట్టెలో పసుపు."

డ్రైవరు చెవులు మూసుకున్నాడు. "అలా అనకు బావా, శక్తి పోతుంది!"

మావయ్య తిన్నగా మా బస్సు దగ్గరికి వచ్చి, కిరసనాయిలు గుడ్డతో కడియాన్ని నల్లటి ఇనుము కనిపించేదాకా తోమాడు. యజమానికి నిజం చెప్పేశాడు. ఆయన ఏం చేశాడో రాయడానికి ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. శక్తి పోయిన కడియం బస్సుకు అరిష్టమని దాన్ని ఊడదీయించాడు. అమ్మ ప్రాణం కాపాడిన కడియాన్ని! మావయ్య ఆ బస్సు కొలువే మానేసి, ఆ ఇనుమును భుజాన వేసుకుని ఇంటికొచ్చాడు.

మర్నాడు అమ్మ బస్సు దగ్గర నిలబడి, తను రోజూ కూర్చునే సీటు కింద ఏముందో, ఏది లేదో తోటి ఆడవాళ్లకు విడమరిచి చెప్పింది. ఇద్దరు ఆమెతో రైలుకు వెళ్లారు. మిగతావాళ్లు నవ్వుకుంటూ బస్సెక్కారు.

పెద్దయ్యాక సభల్లో నేను నీళ్లు కాచి తాగమన్నా, పిల్లలకు టీకా వేయించమన్నా, "కాస్త దేవుడి పేరు కలపండమ్మా, జనం వింటారు" అని సలహా ఇచ్చిన పెద్దమనుషులు ఎందరో. వింటారు, నిజమే. విని రేకు కడియం కట్టుకుంటారు. అందుకే ఏదీ కలపకుండానే చెబుతూ వచ్చాను. అమ్మకు లాగే, నాతో రైలెక్కింది కూడా చాలాసార్లు అలాంటి ఇద్దరే. మావయ్య కడియం నా రాతబల్ల మీదే ఉంది. తుప్పు పట్టకుండా ఏడాదికోసారి నూనె రాస్తాను, పసుపు మాత్రం తగలనివ్వను.