బెల్‌బాటం, పాత బండి, గూడ్సు బండి

ఈ రోజు పెళ్లిచూపులకని కొత్త బెల్‌బాటం తొడుక్కుని, చైను కవరు ఊడిపోయిన నాన్న పాత మోటార్‌సైకిల్ మీద బయలుదేరాను. మల్కాపురం దగ్గర పట్టాలు దాటుతుండగా ప్యాంటు అంచు చైనులో చిక్కుకుని బండి అక్కడే ఆగిపోయింది. ఎంత లాగినా కాలు రాలేదు. ఇంతలో గూడ్సు కూత వినిపించింది. చేపలమ్మే ఒకామె గంప దింపి పరుగెత్తుకొచ్చింది.

"ఏటి బాబూ, దిగవేటి?"

"దిగలేకపోతన్నానమ్మా, పేంటు ఇరుక్కుపోయింది!"

"పేంటు పోతే పోయింది, పేణం సూసుకో!" అంటూ చేపల కత్తితో మోకాలి దగ్గర పరపరా కోసేసింది. ఇద్దరం బండిని ఇవతలికి ఈడ్చేసరికి గూడ్సు దడదడా వెళ్లిపోయింది.

ఆ ప్యాంటుతోనే అమ్మాయి వాళ్లింటికి వెళ్లాను. అమ్మాయి పకపకా నవ్వింది. ఏ సంగతీ రేపు చెబుతారట. ఆ నవ్వుకి అర్థమేమిటో మీకేమైనా తెలుసా?